వాలుగా నిద్రపోయిన చలికాలం

ఆ చలికాలం మా కారవాన్, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, రాత్రి సమంగా పడుకుని, తెల్లారేసరికి ముక్కు కిందికి వాల్చేసేది. దాంతోపాటు మేమూ వాలేవాళ్ళం. మంచం కారవాన్ ముందు వైపు ఉండేది. తలలు ముందుకి పెట్టుకుని పడుకునేవాళ్ళం కాబట్టి, లేచేసరికి కాళ్ళు మెరకలో, తలలు పల్లంలో. ఆ వాలులో నాకు వచ్చే కలలన్నీ నీళ్ళ కలలే. ఏదో కాలవలో వెల్లకిలా తేలిపోతున్నట్టు, పక్కనే మా ఆయన కూడా తేలుతూ నాతో ఏదో చెబుతున్నట్టు, ఆ మాటలు నీళ్ళలో కలిసిపోయి నాకు అందనట్టు. మెలకువ వచ్చేసరికి ముక్కు దిబ్బడ వేసి, దిండు గోడకి నొక్కుకుపోయి ఉండేది.

ఇదంతా ఏ అడవిలోనో కాదు, ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో మా ఇంటి ముందు డ్రైవ్‌వే పక్కన గడ్డిలోనే. వెనకాల నాలుగు పడగ్గదుల ఇల్లు హీటర్లతో సహా సిద్ధంగా ఉండగా, మేమిద్దరం ఆ రేకు డబ్బాలో రెండేసి రగ్గులు కప్పుకుని వణికేవాళ్ళం.

"అమ్మా, వై ఆర్ యు గైస్ స్లీపింగ్ ఇన్ ద డ్రైవ్‌వే?" అని సిడ్నీ నుంచి మా రుచిత ఫోన్‌లో ఒకటే నవ్వు.

"మీ నాన్ననడుగు. ప్రాక్టీసుట!"

మా ఆయన కనకరాజు కంటి డాక్టరు. ఈ ఊళ్ళో ముసలివాళ్ళలో సగం మంది శుక్లాలు ఆయన చేతులమీదుగా పోయినవే. రిటైరవమంటే మాత్రం చెవిన పెట్టేవారు కాదు. "ఈ చేతులకి ఇంకా పదేళ్ళుంది సత్యా," అనేవారు. ఎలాగో ఏప్రిల్ నుంచి చలికాలం అయ్యేదాకా సెలవు పెట్టించాను. ఇక్కడ చలికాలమంటే జూన్ నుంచి ఆగస్టు దాకా. నేను గోవాలాంటి చోట సముద్రం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం ఊహించుకుంటే, ఆయన సెకండ్‌హ్యాండ్ కారవాన్ కొనుక్కొచ్చారు. ఆగస్టులో పడమటి వైపు, ఎర్ర నేలల్లోకి వెళ్ళి, సెప్టెంబరుకి తిరిగి వచ్చి మళ్ళీ ఆపరేషన్లు మొదలుపెట్టాలని ఆయన ప్లాను.

సెప్టెంబరులో మొదటి కేసు ఎవరిదో కూడా ముందే ఖాయమైపోయింది. మా ఎదురింటి లలితకుమారి ఆంటీది. ఆవిడ కాకినాడ నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటారు. ఎనభైకి దగ్గర పడ్డారు. ఎడమ కన్ను కిందటేడు మా ఆయన చేశారు కానీ, దాని నరం అంతకు ముందే దెబ్బతినడంతో కాస్త వెలుతురు మాత్రమే తెలుస్తుంది. కుడి కన్నుకి ఇప్పుడు మసక బాగా ముదిరింది. "ఇదీ నువ్వే చెయ్యాలి రాజూ. ఇంకొకడి చేతికి నా కన్ను ఇవ్వను," అని ఆవిడ పట్టుబట్టి కూర్చున్నారు. పబ్లిక్ హాస్పిటల్లో ముందే తేదీ దొరికినా వద్దన్నారు.

కారవాన్‌కి బండి పూజ చేసింది కూడా ఆవిడే. నేను కొబ్బరికాయా కర్పూరం ఇచ్చాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ఆవిడ ఇంటినుంచి గిన్నెడు పసుపు కలుపుకుని వచ్చి, చేతికి తగిలిన చోటల్లా గడపకి రాసినట్టు దట్టంగా రాశారు. రోడ్డు మీద కుక్కని నడిపించుకుంటూ పోతున్న పక్కింటాయన ఆగి చూసి, కొబ్బరి ముక్క పెడితే తిని, "గుడ్ లక్, మేట్స్," అని వెళ్ళాడు.

కారుకి తగిలించనప్పుడు కారవాన్ ముక్కు ఒక చిన్న ఇనప స్తంభం మీద నిలబడుతుంది. దాని అడుగున బొమ్మ సైకిలుకి ఉండేంత చక్రం, పైన తిప్పడానికి హేండిలు. ఇక్కడి వాళ్ళు దాన్ని జాకీ వీల్ అంటారు. హేండిలు ఒకవైపు తిప్పితే ముక్కు లేస్తుంది, ఇంకోవైపు తిప్పితే దిగుతుంది. నాకది చూడగానే మా అమ్మ ఇచ్చిన జంతికల గొట్టం గుర్తొచ్చింది. అచ్చం అదే మర, అదే పిడి. ఆ మాట అంటే మా ఆయన నొచ్చుకున్నారు.

"ఇది టన్నుల బండిని మోస్తుంది సత్యా. జంతికలతో పోలుస్తావేవిటి?"

"మీరు మా అమ్మ పిండి చూళ్ళేదు," అన్నాను.

ఆ స్తంభమే రాత్రికి రాత్రి మమ్మల్ని జార్చేస్తోందని తేలింది. చక్రం మెత్తటి నేలలో దిగబడుతోందేమోనని ముందు దాని కింద చెక్క వేశారు. మర్నాడూ వాలే. లోపలి మర అరిగిందేమోనని దాన్ని మాత్రం ఊడదీసి, కడిగి, కొత్త గ్రీజు పెట్టారు. వాలే. ఇక లాభం లేదని సాయంత్రం స్తంభాన్ని కారవాన్‌కి బిగించి పట్టి ఉంచే క్లాంప్ అంచున, స్తంభం మీద పెన్సిలుతో ఒక గీత గీశారు. పొద్దున్నే పొగమంచులో ఉన్ని టోపీ పెట్టుకుని గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే, ఆ గీత క్లాంప్ కంటే బెత్తెడు పైకి ఉంది. స్తంభం ఉన్నచోటే ఉంది. కారవానే దాన్ని పట్టుకుని నెమ్మదిగా కిందికి జారుతోంది.

"క్లాంప్ బిగించాను కదా! ఎందుకు జారుతుంది?" అని ఆయన స్తంభం మీద వేలు రాసి, చూసుకుని, నావైపు చూశారు. వేలు పచ్చగా మెరుస్తోంది.

నేను వెళ్ళి ఆంటీని పిలుచుకొచ్చాను. ఆవిడ శాలువా కప్పుకుని వచ్చి, తప్పేముందన్నట్టు నిలబడ్డారు.

"నీళ్ళతో కలిపితే ఈ గాలికి ఎండి రాలిపోతుందని నువ్వులనూనెతో కలిపానమ్మా. ముందు నిలబడింది అదే కదా, ధ్వజస్తంభంలాగ. దానికి కాక దేనికి రాస్తారూ?"

"ఆంటీ, అది జారకుండా పట్టుకోవాలి. నూనె రాస్తే ఎలా పట్టుకుంటుంది?"

"నాకు కనపడితే కదా రాజూ! కన్ను బాగుచెయ్యి, అప్పుడు చూసి రాస్తాను," అన్నారు ఆవిడ. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. నేను స్పిరిట్‌తో పసుపు తుడిచేశాను. ఆ రోజు నుంచి కారవాన్ తెల్లారినా సమంగానే ఉండేది. నాకు మాత్రం ఆ నీళ్ళ కలలు ఆగలేదు.

ఎందుకంటే, నేను ఇంకొకటి చూస్తున్నాను. ఉగాదికి హాల్లో ఫంక్షన్ అయ్యాక కారు దాకా నడుస్తుంటే మొదటిసారి కనిపించింది. ఆయన ఎడమ చెయ్యి ఎప్పటిలా ఊగుతోంది. కుడి చెయ్యి ఊగడం లేదు. అద్దెకి తెచ్చుకున్న చెయ్యిలాగ పక్కన వేలాడుతోంది. భుజం పట్టేసిందన్నారు. సరే అనుకున్నాను. తర్వాత టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ చెయ్యి జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. ఒకరోజు కారవాన్‌లో చారుకి తాలింపు వేస్తూ ఫోన్ వస్తే అటు తిరిగాను. ఇంగువ మాడి ఆ రేకు డబ్బా ఇల్లంతా పొగ. ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. కళ్ళు మండేసరికి తలెత్తారు కానీ వాసన తెలియలేదు. నేను స్కూల్లో లెక్కలు చెప్పిన దాన్ని, డాక్టర్ని కాను. కానీ డాక్టరు పెళ్ళాన్ని కదా, వాసన తెలియకపోవడం, చెయ్యి ఊగకపోవడం కలిపి చదివితే ఏ జబ్బు పేరొస్తుందో ఇంటర్నెట్‌లో వెతుక్కున్నాను. వెతికాక ఫోన్ బోర్లించి పెట్టేశాను. భయమేసింది. ఆయనకి చెప్పడానికి ఇంకా భయమేసింది.

జూలై గాలులు మొదలయ్యాయి. ఎముకల్లోకి వెళ్ళే పడమటి గాలి. అప్పుడు కొత్త గొడవ వచ్చింది. జాకీ వీల్ బిగుసుకుపోతోందన్నారు.

"మొదట నాలుగు తిప్పులు బాగానే తిరుగుతుంది సత్యా. తర్వాత గట్టిపడిపోతుంది. లోపల ఎక్కడో పట్టేస్తోంది."

నేను మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూసేదాన్ని. నిజమే. మొదటి తిప్పులు గుండ్రంగా, పెద్దగా. తర్వాత చిన్నవై, నెమ్మదించి, హేండిలు సగంలో ఆగిపోయేది. ఆయన దాన్ని మళ్ళీ ఊడదీశారు. గ్రీజులో ఎర్ర దుమ్ము చేరిందని కిరసనాయిల్‌తో కడిగారు. హేండిలు కింద ఉండే బేరింగు మార్చారు. లోపలి గొట్టం వంగిందేమోనని కిటికీ గాజు మీద దొర్లించి చూశారు. వంగలేదు. గడ్డి మీద పాత దుప్పటి పరిచి, ఆ ముక్కలన్నీ ఆపరేషన్ ట్రేలో సర్దినట్టు వరసగా పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని వాటిని అంత ప్రేమగా చూస్తుంటే, నాకు ఏడుపొచ్చి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆ ముక్కల్లో తప్పు దొరకాలని ఆయన ఎంత కోరుకున్నారో, నేనూ అంతే కోరుకున్నాను.

దొరకలేదు. చివరికి కొత్తది కొనేశారు. మెరుస్తున్న కొత్త జాకీ వీల్. దాన్ని బిగించి, ఇక ఇంటి ముందు చాలు, ఎక్కడికైనా వెళ్దామన్నారు.

ఆ వారాంతం ఊరికి ఉత్తరాన ఒక డ్యామ్ ఒడ్డుకి వెళ్ళాం. అలాంటి చోటు నేను మళ్ళీ చూడలేదు. మేము వెళ్ళేసరికి నీళ్ళూ ఆకాశమూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. పొగమంచు నీటి మీంచి లేచి గట్టెక్కి, నెమ్మదిగా మా వైపే నడిచి వచ్చింది. కాసేపటికి చెట్లు లేవు, పక్క కారవాన్లు లేవు. మా బండి ఒక్కటే తెల్లటి నీళ్ళలో తేలుతున్నట్టుంది. ఎక్కడో మాగ్‌పై పిట్టలు గొంతులో నీళ్ళు పోసుకుని పాడుతున్నాయి. నా కలల్లోకి నేనే కారు దిగినట్టు అనిపించింది.

కారవాన్‌ని కారు నుంచి విప్పి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, ముక్కు ఎత్తడానికి ఆయన హేండిలు పట్టుకున్నారు. కారవాన్ నేల మీద చిన్న గాజు గొట్టం లెవెల్ పెట్టి, దాంట్లో బుడగ ఎక్కడుందో నేను తలుపు దగ్గర నిలబడి చెప్పాలి.

ఒకటి, రెండు, మూడు. గుండ్రంగా, పెద్దగా. తర్వాత చిన్నగా. తర్వాత ఆగిపోయింది.

ఆయన హేండిలు వదిలి, కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నారు. "కొత్తది కూడా డిఫెక్టివే ఇచ్చారు," అన్నారు. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. "కార్లో నూనె స్ప్రే ఉండాలి. తెస్తాను."

ఆయన పొగమంచులోకి వెళ్ళిపోయారు. కారు డోర్ తీసిన చప్పుడు వినిపించింది. నేను మెట్టు దిగి వెళ్ళి ఆ హేండిలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. తిప్పాను.

ఇంత తేలికా! అమ్మ ఇచ్చిన గొట్టంలో పల్చటి పిండి పెట్టినట్టు, చెయ్యి వేస్తే తిరిగిపోతోంది. నాలుగు తిప్పులయ్యాక కూడా తిరుగుతోంది. వెనకాల గులకరాళ్ళ మీద ఆయన అడుగులు వినిపించాయి. వచ్చి ఆగిపోయాయి.

అప్పుడు నేను హేండిలు వదిలెయ్యొచ్చు. 'అబ్బా, ఎంత గట్టిగా ఉందండీ' అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. సెప్టెంబరులో ఆ చేతికే అప్పగించబోయే ఆంటీ మసక కన్ను గుర్తొచ్చింది. పసుపు గిన్నె పట్టుకుని గాలిలో తడుముకుంటున్న ఆవిడ చెయ్యి గుర్తొచ్చింది.

నేను ఆపలేదు. తిప్పుతూనే ఉన్నాను. కారవాన్ ముక్కు కొంచెం కొంచెంగా లేచింది. ఆయన నా పక్కనుంచి వెళ్ళి, తలుపు దగ్గర వంగి లెవెల్ చూశారు.

"చాలు సత్యా," అన్నారు. "మధ్యకి వచ్చింది."

కాఫీ కలుపుకుని మెట్ల మీద కూర్చున్నాం. మంచు మా మోకాళ్ళ దాకా ఉంది. ఆయన కప్పు ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చెయ్యి జేబులోంచి తీసి తొడ మీద పెట్టుకున్నారు. బొటనవేలు చూపుడువేలి మీద చిన్నగా, ఆగకుండా, కనపడని దారం పేనుతున్నట్టు ఆడుతోంది. ఇన్నాళ్ళూ నాకు చూపించనిది అదే.

"ఎప్పట్నించి చూస్తున్నావు?"

"ఉగాది నించి."

"నేను క్రిస్మస్ నించి," అన్నారు. "పార్కిన్సన్స్ అనుకుంటాను. అనుకోవడం ఏవిటి, ఎవరైనా పేషెంట్ ఇలా నడిచొస్తే గుమ్మంలోనే చెప్పేస్తాను. నా విషయానికొచ్చేసరికి... ఆపరేషన్ చేసేటప్పుడు వణకదు సత్యా. కదలకుండా ఉన్నప్పుడే వణుకుతుంది. అందుకని నన్ను నేను నమ్మించుకున్నాను. మార్చి తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు కదా. మార్చి దాకా చేసినవన్నీ బాగానే ఉన్నాయి. అందరినీ మళ్ళీ మళ్ళీ చెక్ చేశాను. బాగానే ఉన్నాయి."

"నాకు తెలుసండీ."

"జంతికల గొట్టం ఎలా తిరిగింది?"

"బాగా తిరిగింది," అన్నాను. అప్పుడు నాకు ఏడుపు వచ్చేసింది. ఆయన ఏడవలేదు. నా వీపు మీద ఆ చెయ్యే వేసి నిమిరారు. చీర మీంచి ఆ చిన్న కదలిక నాకు తెలుస్తూనే ఉంది. కళ్ళజోడు లేకుండా ఉన్నట్టు డ్యామ్ అంతా చెరిగిపోయి ఉంది, అది మంచో నా కన్నీళ్ళో తెలియలేదు.

బ్రిస్బేన్‌లో డాక్టరు కూడా అదే పేరు చెప్పారు. మందులు రాశారు. చాలా ఏళ్ళు బాగానే తిరగొచ్చన్నారు. ఆపరేషన్ల మాట ఆ డాక్టరు ఎత్తకముందే మా ఆయనే, "నేను మానేశాను," అన్నారు.

ఆస్పత్రిలో అందరికీ ఫోన్‌లో చెప్పారు. ఆంటీకి మాత్రం స్వయంగా చెప్పాలన్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ ఎండలో కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. మా ఆయన కింద మెట్టు మీద కూర్చున్నారు.

"ఆంటీ, మీ కన్ను శ్రీకర్ చేస్తాడు. నా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు నాకంటే బాగా చేస్తాడు."

"ఆ కుర్రాడా? మీసం కూడా సరిగా రాలేదు. నేనొప్పుకోను. నీకేమైందిట?"

ఆయన కుడి చెయ్యి చాపి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడకి కనిపించలేదు. తడిమి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. చిక్కుడుగింజలు ఒళ్ళోంచి జారి మెట్ల మీద దొర్లాయి. నేను ఏరుతున్నట్టు నటిస్తూ కింద కూర్చున్నాను.

"తేదీ ఎప్పుడన్నాడు ఆ మీసం లేనివాడు?" అన్నారు ఆవిడ చివరికి.

సెప్టెంబరులో ఊరంతా పూలు. మా ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉండాల్సిన వారంలోనే, మేము పడమటికి బయల్దేరాం. కారవాన్ గడ్డిలోంచి కదిలే ముందు ఆంటీ రోడ్డు దాటి వచ్చారు. ఆగస్టులోనే శ్రీకర్ చేసిన కన్నుతో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తలెత్తి, చెట్లనీ పిట్టలనీ మమ్మల్నీ చూసుకుంటూ వచ్చారు. చేతిలో పసుపు గిన్నె.

"ఆంటీ, దానికి మాత్రం వద్దు!" అని నేను జాకీ వీల్‌కి అడ్డం నిలబడ్డాను.

"తప్పుకోవే. నాకు కనపడుతోంది," అన్నారు. "నీళ్ళతోనే కలిపాను."

ఆవిడ జాకీ వీల్ దగ్గరకి రానే లేదు. తిన్నగా మా ఆయన దగ్గరకి వెళ్ళి, "ఏదీ, చెయ్యి ఇలా పెట్టు," అన్నారు. మరమ్మతులకీ రాతలకీ, ఊళ్ళోవాళ్ళ కళ్ళకీ అరిగిపోయిన ఆ కుడి చేతి వెనక, దసరాకి పనిముట్లకి రాసినట్టు, మణికట్టు నుంచి వేళ్ళదాకా పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టబోయారు. చెయ్యి వణికి బొట్టు పక్కకి జారింది.

"కదలకు రాజూ."

"నా మాట వినదు ఆంటీ."

"అయితే నేనే పడతాను," అని, ఆవిడ ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో మళ్ళీ పెట్టారు. ఈసారి సరిగ్గా మధ్యలో పడింది. అది ఆరేదాకా వదల్లేదు. మా ఆయన ఆకాశంలోకి చూశారు.

ఆ సాయంత్రం ఎర్ర నేల మీద, కనుచూపు మేరలో ఇల్లు లేని చోట ఆగాం. హేండిలు నేను తిప్పాను. ఆయన లెవెల్ చూసి, "చాలు," అన్నారు. పొద్దున్నే గలా అనే గులాబిరంగు చిలకల గోలకి మెలకువ వచ్చింది. కలలేవీ గుర్తులేవు. దిండు మీద పసుపు మరక ఉంది. పక్కన ఆయన వెల్లకిలా పడుకుని, ఆ చెయ్యి మా ఇద్దరి మధ్యా పెట్టుకుని నిద్రపోతున్నారు. దాన్నే చూస్తూ ఉండిపోయాను. నిద్రలో అది వణకడం లేదు. బొటనవేలు చూపుడువేలి మీద ఆని, కంట్లోకి మొదటి గాటు పెట్టేముందు ఆగినంత నిశ్చలంగా ఉంది.

టీ పెట్టాలి. కానీ నేను లేస్తే మంచం కదులుతుంది. కదలకుండా అలాగే పడుకున్నాను.